పొద్దున పట్టిన నీటికి మధ్యాహ్నానికి జవాబు

(స్మారకోపన్యాస పాఠం)



ఏం మాట్లాడాలన్నది నిర్వాహకులు నా ఇష్టానికే వదిలారు. మనం స్మరించుకుంటున్న మాస్టారు జీవితమంతా నీళ్లలో సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టారు, మాకు లెక్కపెట్టడం నేర్పారు. చెరువు నీళ్లు తెచ్చినా, కుళాయి నీళ్లు తెచ్చినా, సముద్రపు నీళ్లు తెచ్చినా సీసా చేతికి తీసుకుని ఆయన అడిగే మొదటి మాట "ఎప్పుడు పట్టావు?" అని. ఎక్కడ పట్టామన్నది ఆ తర్వాతే. నీళ్లు పట్టిన గంట, ల్యాబ్‌కు చేరిన గంట, ఫలితం చదివిన గంట, ఈ మూడూ రాయని రిజిస్టరు మీద ఆయన సంతకం పెట్టేవారు కాదు. ఆ పట్టింపు ఎంత లోతైనదో, గత పాతికేళ్లుగా ప్రపంచంలోని ఈత తీరాల దగ్గర జరిగిన పని చూస్తే బాగా అర్థమవుతుంది. అందుకే ఇవాళ జనం దిగే నీటిలో మలకాలుష్యాన్ని గంటల్లో కనిపెట్టే పరీక్షల గురించి మాట్లాడతాను.

తాగే నీటి గురించి మనం చాలానే మాట్లాడుకుంటాం. ఒళ్లు ముంచే నీటి గురించి మాట్లాడేది తక్కువ. ఈతకు దిగినవాడు ఆ నీళ్లు తాగడు కదా అని ధీమా. తాగుతాడు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలో ఆల్ఫ్రెడ్ డ్యుఫోర్, ఆయన సహచరులు దాన్ని కొలిచి చూపించారు. ఆరుబయటి ఈతకొలనుల్లో క్లోరిన్ ఎండకు విరిగిపోకుండా సయన్యూరిక్ ఆమ్లం అండగా ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్తే అరగదు, మారదు. మూత్రంలో అలాగే బయటికి వస్తుంది. ఈతగాళ్లను ముప్పావుగంట కొలనులో ఉంచి, తర్వాత ఒక రోజు మూత్రమంతా పట్టి, అందులో ఆ ఆమ్లం ఎంతుందో చూశారు. పెద్దవాళ్లు సగటున 16 మిల్లీలీటర్లు, పిల్లలు 37 మిల్లీలీటర్లు మింగినట్టు తేలింది. అంటే పిల్లలు పెద్దల కంటే రెట్టింపుకు పైగా మింగారు. లోతులేని చోట, ఒడ్డువారనే, బురద రేగిన నీళ్లలో ఆడేది కూడా వాళ్లే. ఈ విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ 37 మిల్లీలీటర్ల అంకె అని నా అభిప్రాయం.

మురుగు కలిసిన నీటిలో ఉండేవి ఒకటీ రెండూ కావు. నోరోవైరస్, హెపటైటిస్-ఎ, సాల్మొనెల్లా, జియార్డియా, ఇలా జాబితా పొడుగ్గా ఉంటుంది. ప్రతిదాన్నీ విడివిడిగా వెతకడం ఏ మున్సిపాలిటీ వల్లా కాదు. అందుకని మనిషి పేగుల్లో ఎప్పుడూ ఉండే, లెక్కకు సులువుగా దొరికే బ్యాక్టీరియాని సూచికగా పెట్టుకున్నాం. పసిపిల్లల మలంలో థియోడర్ ఎషెరిష్ 1885లో గుర్తించిన బ్యాక్టీరియాకే తర్వాత ఆయన పేరు మీద ఎషెరిషియా కోలై అన్న పేరు స్థిరపడింది. మనం రోజూ అనే ఈ.కోలై అదే. సముద్రపు నీటికి ఎంటరోకాకస్ అనే గుండ్రటి బ్యాక్టీరియా ఇంకా మంచి సూచిక. ఉప్పునీటిలో అది ఈ.కోలై కంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

మాస్టారి ల్యాబ్‌లో మేం చేసింది నాళికల పద్ధతి. లాక్టోస్ కలిపిన ద్రావణం పోసిన పరీక్షనాళికలు వరసగా స్టాండులో ఉంటాయి. ఒక్కొక్కదానిలో తలకిందులుగా మునిగిన బుల్లి డర్హమ్ నాళిక. నమూనా నీటిని పది మిల్లీలీటర్లు, ఒకటి, ఒకటిలో పదోవంతు చొప్పున పోసి 35 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఈ.కోలై లాంటి కోలిఫాం బ్యాక్టీరియా ఉంటే లాక్టోస్‌ను పులియబెట్టి గ్యాసు వదులుతుంది. డర్హమ్ నాళిక కొనలో చిన్న బుడగ నిలుస్తుంది. ఇరవై నాలుగు గంటలకు ఒకసారి చూడాలి, బుడగ రాకపోతే నలభై ఎనిమిదికి మళ్లీ చూడాలి. వచ్చిన నాళికలోంచి లూప్‌తో తీసి 44.5 డిగ్రీల వేడినీటి తొట్టిలో ఇంకో రోజు పెడితేగానీ అది మలసంబంధమైనదా కాదా తేలదు. వేడి పెంచి ఇలా విడదీసే ఉపాయం క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడిది, 1904 నాటిది. బెరిబెరి మీద చేసిన పనికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మా రంగంవాళ్లు ఆయన్ని తలుచుకునేది మాత్రం ఈ వేడినీటి తొట్టి దగ్గరే. బుడగలున్న నాళికలు లెక్కపెట్టి, పట్టికలో చూసి, వంద మిల్లీలీటర్లకు ఇన్ని అని రాస్తాం. సోమవారం పొద్దున పట్టిన నీటికి బుధవారమో గురువారమో జవాబు.

ఆ తర్వాత వడపోత కాగితాల పద్ధతి వచ్చింది. రంగు మారే, అతినీలలోహిత కాంతిలో మెరిసే పొడుల పద్ధతీ వచ్చింది. రెండు మూడు రోజులు కాస్తా పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటలకు దిగింది. గొప్ప మెరుగే. కానీ బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించేదాకా ఆగాల్సిందే కాబట్టి ఆ కిందికి దిగడం కుదరలేదు.

ఇక ఆ అంకెకూ జనం జబ్బుపడడానికీ సంబంధం ఉందా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. దీనిమీద తర్జనభర్జన చాలాకాలం నడిచింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ప్రజారోగ్య ప్రయోగశాలల వాళ్లు 1959లో ఇచ్చిన నివేదిక, కంటికి అసహ్యం పుట్టేంత మురుగు తేలుతుంటే తప్ప సముద్రస్నానంతో తీవ్రమైన జబ్బులొచ్చే ప్రమాదం అంతగా లేదని తేల్చేసింది. వాళ్లు వెతికింది పోలియో, టైఫాయిడ్ లాంటి పెద్ద జబ్బుల కోసం. ఇంటికెళ్లాక రెండు రోజులు వాంతులు విరేచనాలతో పడుకుని లేచిన పిల్లలు వాళ్ల లెక్కలోకి రాలేదు. ఆ పిల్లల్ని లెక్కలోకి తెచ్చినవాడు అమెరికా పరిశోధకుడు విక్టర్ కాబెల్లి. 1970లలో న్యూయార్క్, బోస్టన్, న్యూ ఆర్లీన్స్ దగ్గరి తీరాల్లో జనాన్ని నీటి ఒడ్డునే పలకరించి, తర్వాత ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కునే పద్ధతిని ఆయన నిలబెట్టారు. సముద్రంలో ఎంటరోకాకస్ పెరిగేకొద్దీ కడుపు జబ్బులూ పెరిగాయి. మంచినీటి సరస్సుల దగ్గర ఇదే పని డ్యుఫోర్ చేశారు. వాటి ఆధారంగానే 1986లో అమెరికాలో ప్రమాణాలు వచ్చాయి. సముద్రంలో ఎంటరోకాకస్ సగటు వంద మిల్లీలీటర్లకు 35, మంచినీటిలో ఈ.కోలై 126 దాటకూడదు.

ప్రమాణం వచ్చింది, పరీక్ష ఉంది, నమూనాలు పట్టే మనుషులున్నారు. అయినా జనానికి అందాల్సిన రక్షణ అందలేదు. కారణం మాస్టారి మొదటి ప్రశ్నలోనే ఉంది.

కాలిఫోర్నియాలో హంటింగ్టన్ బీచ్ అనే ఊరుంది. 1999 వేసవిలో అక్కడి తీరం చాలా భాగం మూతపడింది. ఏం జరుగుతోందో తేల్చడానికి స్టాన్లీ గ్రాంట్, అలెగ్జాండ్రియా బోమ్ లాంటి పరిశోధకులు అక్కడి అలల్లో నీటిని వరసగా పట్టి చూశారు. బ్యాక్టీరియా లెక్క రోజుల మీద కాదు, నిమిషాల మీద మారిపోతోంది. ఎండ ఎక్కితే పడిపోతుంది, రాత్రి పెరుగుతుంది, ఆటుపోట్లతో అటూ ఇటూ ఊగుతుంది. దక్షిణ కాలిఫోర్నియా తీరాల రికార్డులు తిరగేసిన మరో అధ్యయనంలో, ప్రమాణం దాటిన సందర్భాల్లో దాదాపు 70 శాతం ఒక్కరోజు కంటే ఎక్కువ నిలవలేదని తేలింది. దీన్ని ఇరవై నాలుగు గంటల పరీక్ష పక్కన పెట్టి చూడండి. మంగళవారం పొద్దున నీరు చెడింది. శాంపిల్ పట్టారు. ఆ రోజంతా పిల్లలు అందులోనే ఆడారు. బుధవారం పొద్దున ఫలితం వచ్చింది, 'దిగవద్దు' అని బోర్డు పెట్టారు. అప్పటికి నీరు బాగుపడింది. చెడ్డ రోజున జనాన్ని దింపి, మంచి రోజున ఆపాం. హంటింగ్టన్ బీచ్ దగ్గర ఇలాంటి తప్పుడు ప్రకటనలు 40 శాతం దాకా ఉండొచ్చని గ్రాంట్ బృందం 2004లో లెక్కగట్టింది. కుప్పలకొద్దీ పరీక్షలు చేసి, నిజాయితీగా నమోదు చేసి, చివరికి జనానికి చెప్పింది నిన్నటి కబురు.

అందుకే బ్యాక్టీరియా పెరిగేదాకా ఆగకుండా దాని జన్యుపదార్థాన్నే లెక్కపెట్టే ఆలోచన వచ్చింది. దానికి వాడేది, డీఎన్ఏను పదేపదే రెట్టింపు చేసే పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు ఇప్పుడు పల్లెల్లో కూడా తెలుసు. కేరీ ముల్లిస్ 1983లో ఆ ఉపాయం కనిపెట్టాడు. దాన్ని పనిలోకి తెచ్చిన వేడి తట్టుకునే ఎంజైము మాత్రం ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ 1960లలో కనుక్కున్న బ్యాక్టీరియాది. ఎందుకూ పనికిరాదనిపించే ప్రాథమిక పరిశోధన మీద చిన్నచూపు ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఎవరికీ అక్కర్లేదనుకున్న ఒక వేడినీటి బ్యాక్టీరియా లేకపోతే కోవిడ్ పరీక్షా లేదు, నేను చెబుతున్న పరీక్షా లేదు.

ఈ పరీక్ష ఎలా చేస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం. తీరం దగ్గర మోకాలి లోతులోనో నడుంలోతులోనో నిలబడి, సీసా మూతిని అల వచ్చే వైపు తిప్పి నీరు పడతారు. ఐసు పెట్టెలో ల్యాబ్‌కు చేరాక వంద మిల్లీలీటర్లను చిన్న పాలీకార్బొనేట్ వడపోత గుండా పీల్చేస్తారు. బ్యాక్టీరియా పైన నిలుస్తుంది. వడపోతను చుట్టి, సన్నటి గాజుపూసలున్న గొట్టంలో వేసి యంత్రంలో ఒక నిమిషం గట్టిగా ఊపుతారు. పూసల దెబ్బకు కణాలు పగిలి డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది. అందులోంచి కొన్ని మైక్రోలీటర్లు తీసి, ఎంటరోకాకస్ డీఎన్ఏకు మాత్రమే అతుక్కునే ప్రైమర్లు, మెరిసే ప్రోబు కలిపి యంత్రంలో పెడతారు. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, అలా నలభై వలయాలు. ఎంత తొందరగా మెరుపు మొదలైతే అంత ఎక్కువ బ్యాక్టీరియా ఉన్నట్టు. వడపోతతో మొదలుపెట్టి మూడు నాలుగు గంటల్లో అంకె చేతిలో ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఒకటుంది. ప్రతి నమూనాలోనూ తెలిసిన కొలతలో సాల్మన్ చేప డీఎన్ఏను ముందే కలుపుతారు. ఎందుకంటే నదుల నీటిలో ఆకులు అలములు కుళ్లి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు యంత్రం 'ఏమీ లేదు' అంటుంది. నీరు శుభ్రమని మనం సంతోషిస్తాం. సాల్మన్ డీఎన్ఏ కూడా కనపడకపోయిందంటే పరీక్షే జరగలేదని అర్థం. ఆ ఫలితాన్ని ప్రకటించకూడదు. తొందరగా వచ్చే ఫలితానికి ఇలాంటి కాపలా ఇంకా గట్టిగా ఉండాలి.

అమెరికాలో 2000లో వచ్చిన బీచ్ చట్టం ఇలాంటి త్వరిత పద్ధతుల మీద అధ్యయనం చేయమని ఆదేశించింది. ఆ తర్వాత మిషిగన్, ఈరీ సరస్సుల దగ్గర మొదలుపెట్టి సముద్రతీరాల దాకా, టిమ్ వేడ్ తదితర పరిశోధకులు 50 వేలమందికి పైగా జనాన్ని ఒడ్డున పలకరించి, పది పన్నెండు రోజుల తర్వాత ఫోన్ చేసి వివరాలు రాసుకున్నారు. పీసీఆర్‌తో లెక్కగట్టిన ఎంటరోకాకస్ అంకె, ముఖ్యంగా మురుగుశుద్ధి కేంద్రాలకు దగ్గరగా ఉన్న తీరాల్లో, కడుపు జబ్బులతో స్పష్టంగా ముడిపడి కనిపించింది. దాని ఆధారంగా 2012 ప్రమాణాల్లో పీసీఆర్‌కు చోటు దొరికింది. వంద మిల్లీలీటర్లకు వెయ్యి కణాలకు సమానమైన డీఎన్ఏ దాటితే ఆ రోజే హెచ్చరిక ఇవ్వవచ్చని ఒక హద్దు సూచించారు.

హద్దు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని తీరం దగ్గర ఎవరో అమలు చేయాలి. మిషిగన్ సరస్సు ఒడ్డున విస్కాన్సిన్‌లో రసీన్ అనే చిన్న నగరం ఉంది. అక్కడి నగర ఆరోగ్య శాఖ ల్యాబ్‌లో జూలీ కింజెల్‌మన్ చేసిన పనిని నేను విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతాను. పెద్ద విశ్వవిద్యాలయం కాదు, నగరపాలక సంస్థ ల్యాబ్. వాళ్లు త్వరిత పరీక్షను రోజువారీ నిర్ణయాల్లోకి తేవడంలో ముందున్నారు. అంతకంటే ముఖ్యం, పరీక్షతో ఆగలేదు. వాన పడ్డాక బ్యాక్టీరియా ఎందుకు పెరుగుతోందని వెతికి ఇంగ్లిష్ స్ట్రీట్ చివరన వాననీటి కాలువ సరస్సులో కలిసే చోటును పట్టుకున్నారు. ఆ నీటిని నేరుగా వదలకుండా చిత్తడి నేలలో నిలిపి వదిలే ఏర్పాటు చేశారు. ఇసుక దున్నే పద్ధతి మార్చారు. తరచూ మూతపడే నార్త్ బీచ్ జనంతో కళకళలాడే తీరమైంది.

షికాగో కథ వేరు. అక్కడ 1900లోనే నదిని వెనక్కి తిప్పి మురుగును సరస్సులోకి పోకుండా చేశారు. అయినా తీరాల్లో లెక్క పెరుగుతూనే ఉంది. కుండపోత వానలప్పుడు నదికీ సరస్సుకూ మధ్య ఉన్న గేట్లు ఎత్తక తప్పదు, అది ఒక కారణం. ఒడ్డున వాలే సీగల్ గుంపులు ఇంకో కారణం. షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ ఆ పక్షుల్ని అదిలించడానికి బార్డర్ కోలీ కుక్కల్ని పెట్టింది. కుక్కలున్నచోట ఈ.కోలై తగ్గిందని అధ్యయనాల్లో తేలింది. అదే సంస్థ ఇల్లినాయి విశ్వవిద్యాలయంతో కలిసి 2017 వేసవి నుంచి తమ తీరాలన్నిటికీ పీసీఆర్ పరీక్ష పెట్టింది. పొద్దున్నే నీరు పట్టి, మధ్యాహ్నానికల్లా తీరంలోని హెచ్చరిక జెండా రంగు మార్చి, ఫలితాన్ని ఎవరైనా చూసుకునేలా బయటపెడుతున్నారు. నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలు ఆదివారం పిల్లల్ని తీసుకుని సరస్సుకు బయల్దేరే ముందు ఆ ఫలితం చూసుకోవచ్చు. ఆ సౌకర్యం వెనక తెల్లవారుజామున సీసాలు పట్టుకుని తిరిగే కుర్రాళ్ల శ్రమ ఉంది.

ఈ పరీక్షకు లోపాలు లేవని చెప్పను. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా ఇది లెక్కపెడుతుంది. క్లోరిన్ కొట్టి వదిలిన మురుగునీటి దగ్గర ఇది చిక్కే. అలాగని దాన్ని పూర్తి లోపమనలేం. బ్యాక్టీరియాను చంపిన క్లోరిన్‌కు కొన్ని వైరస్‌లు లొంగవు, అక్కడ చచ్చిన కణాల డీఎన్ఏ కూడా ఒక హెచ్చరికే. పక్షి రెట్టకూ మనిషి మలానికీ తేడా ఈ పరీక్ష చెప్పదు. దానికోసం ఆన్ బెర్న్‌హార్డ్, కేథరీన్ ఫీల్డ్ 2000లో గుర్తించిన, మనుషుల పేగుల్లోని బ్యాక్టీరాయిడిస్‌కు చెందిన హెచ్ఎఫ్183 అనే జన్యు గుర్తు ఉంది. అదీ పీసీఆర్‌తోనే చూడొచ్చు.

త్వరిత పరీక్ష తెచ్చే ఇంకో చిక్కు శాండియాగోలో కనిపించింది. మెక్సికోలోని టిహువానా నుంచి వచ్చే మురుగు సరిహద్దు దాటి ఇంపీరియల్ బీచ్, కొరొనాడో తీరాలకు చేరుతుంది. 2022 మేలో ఆ కౌంటీ నమూనాను వేలాది సూక్ష్మ బిందువులుగా విడగొట్టి లెక్కపెట్టే డిజిటల్ పీసీఆర్‌ను రోజువారీ పరీక్షగా తెచ్చింది. అమెరికాలో అదే మొదటిది. మూసివేతలు ఒక్కసారిగా పెరిగాయి. పరీక్ష మరీ సున్నితమైందని, వ్యాపారాలు దెబ్బతింటున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఇబ్బంది నిజమే. కానీ మురుగు ఆగకుండా వస్తుంటే తప్పు పరీక్షది ఎలా అవుతుంది? అయితే ఏ అంకె దాటితే మూయాలి, ఏ అంకె దాటితే హెచ్చరించి వదలాలి అన్నది పరీక్ష మొదలుపెట్టకముందే స్థానికులతో కూర్చుని తేల్చుకోవాలి.

పారిస్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1923 నుంచి సీన్ నదిలో ఈత నిషేధం. 2024 ఒలింపిక్స్ కోసం దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, ఆస్టర్లిట్జ్ దగ్గర 50 వేల ఘనపు మీటర్ల వాననీరు పట్టే భూగర్భ తొట్టి కట్టారు. ప్రారంభోత్సవం నాడు వాన. జులై 28, 29 తేదీల్లో ఈత సాధన రద్దు. 30న జరగాల్సిన పురుషుల ట్రయథ్లాన్‌ను నిర్వాహకులు ఆ రోజు తెల్లవారకముందే కూర్చుని 31కి వాయిదా వేశారు. ఈ.కోలై వంద మిల్లీలీటర్లకు వెయ్యి లోపు ఉండాలన్నది క్రీడా సంఘం నియమం. పెట్రిప్లేట్లతో మాత్రమే నడిస్తే ముందురోజు లెక్కే చేతిలో ఉంటుంది. అందుకే ఈ.కోలై ఎంజైము చురుకుదనాన్ని నిమిషాల్లో కొలిచే పరికరాలు, నది ఒడ్డునే కొలిచే పెట్టెలు అక్కడ అంత చర్చలోకి వచ్చాయి. 2025 జులైలో ఆ నదిలో మూడుచోట్ల మామూలు జనాన్ని ఈతకు అనుమతించారు. నూరేళ్ల నిషేధాన్ని తొలగించడానికి డబ్బు, తొట్లు, పైపులు కావాల్సి వచ్చాయి. రోజూ జెండా ఎగరేయాలా దించాలా అన్న నిర్ణయానికి మాత్రం ఆ పొద్దుటి అంకె కావాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కేంద్ర పర్యావరణ శాఖ 2000లో ప్రకటించిన స్నానపు నీటి ప్రమాణాల ప్రకారం మలసంబంధమైన కోలిఫాం వంద మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మంచిది, 2,500 దాటితే స్నానానికి పనికిరాదు. మన దగ్గరా హద్దు ఉంది. లేనిది వేగం. ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళా 2025 జనవరి 13న మొదలై ఫిబ్రవరి 26న ముగిసింది. జనవరిలో పట్టిన నమూనాల్లో కోలిఫాం హద్దు దాటిందన్న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక తేదీ ఫిబ్రవరి 3. హరిత ట్రిబ్యునల్ దాన్ని చర్చకు తీసుకుంది ఫిబ్రవరి 17న. మేళా ముగిశాక మండలి మరో నివేదికలో, గణాంక విశ్లేషణ ప్రకారం మొత్తంమీద నీరు స్నానానికి తగినట్టే ఉందని చెప్పింది. రెండు నివేదికల్లో ఏది సరైందన్న వాదనలోకి నేను దిగను. నీళ్లలో మునిగి లేచి ఊరికి వెళ్లిపోయిన మనిషికి, స్నానం చేసిన ఆ పొద్దున ఆ రెండు నివేదికలూ పనికొచ్చినవి కావు. నా బాధ అది.

విశాఖలో రుషికొండకు 2020లో, శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆనందించాల్సిన సంగతే. ఆ గుర్తింపు నియమాల ప్రకారం సీజన్‌లో రెండు నమూనాల మధ్య 31 రోజులు మించకూడదు. అంటే నెలకొకటి చాలు. తీరం మొత్తం మీద ఎలాంటి ఒరవడి ఉందో చెప్పడానికి అది సరిపోతుంది. నిన్న రాత్రి వాన కురిసి కాలువలు సముద్రంలోకి పొంగిన తర్వాత ఇవాళ పిల్లల్ని దింపొచ్చా అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉండదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. వానలు మొదలయ్యే కాలం. ఎండాకాలమంతా కాలువల్లో పేరుకున్నదంతా తొలి వానలకు ఒక్కసారిగా నదిలోకి వస్తుంది. రాజమహేంద్రవరంలో ఊరి మురుగు మోసే కాలువలు ఎక్కడ కలుస్తాయో, ఏ రేవు దానికి దిగువన ఉందో ఆ ఊరివాళ్లందరికీ తెలుసు. పుష్కర స్నానాన్ని ఆపమని ఎవరూ అనరు, నేనూ అనను. ఈ రేవు కంటే ఆ రేవు ఇవాళ మేలు అని చెప్పొచ్చు. చెడిన రేవులో చిన్నపిల్లల్ని ముంచకండని మైకులో చెప్పొచ్చు. శుద్ధి చేసిన నీటితో జల్లు స్నానాలు పెట్టొచ్చు. 2020 తుంగభద్ర పుష్కరాల్లో కోవిడ్ వల్ల అలాంటి ఏర్పాటు చేసిన అనుభవం మనకుంది.

దీనికి యంత్రాలు కొత్తగా కొనక్కర్లేదు. కోవిడ్ కాలంలో బోధనాసుపత్రుల్లో, జిల్లాల్లో పెట్టిన పీసీఆర్ యంత్రాలు చాలావరకు ఇదే పని చేయగలవు. కావాల్సింది వడపోత సామగ్రి, ప్రైమర్లు, శిక్షణ ఉన్న మనుషులు. అయితే అమెరికా హద్దును తెచ్చి ఇక్కడ అతికించకూడదు. హవాయిలో రోజర్ ఫుజియోకా ఏనాడో చూపించారు, ఉష్ణదేశాల మట్టిలో ఈ.కోలై, ఎంటరోకాకస్ మలంతో పనిలేకుండానే బతికి పెరుగుతాయని. గోదావరి ఒండ్రునీటిలో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు కూడా తక్కువేమీ ఉండవు. అందుకని ముందు మన నీటితోనే, ఒకే సీసాలోని నీటిని పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ పక్కపక్కన పరీక్షించి, మన రేవులకు మన హద్దు తేల్చుకోవాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం నమూనాలు కావాలి. పుష్కరాల ముందు నెల మొదలుపెడితే అయ్యే పని కాదు.

ఈ సభలో కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీర్లున్నారు, మున్సిపల్ ఆరోగ్యాధికారులున్నారు, వైద్య కళాశాలల్లో మైక్రోబయాలజీ చెప్పేవాళ్లున్నారు. మీ మూడు వర్గాలవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక. నీరు ఎవరు పట్టాలి, ఏ ల్యాబ్‌కు ఎవరు చేర్చాలి, అంకె దాటితే మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఏ అధికారి ఫోన్ ఎత్తి రేవు మార్చమని చెప్పగలడు, ఇవి ముందే రాసిపెట్టండి. ఆ అధికారి పేరు లేకపోతే మూడు గంటల పరీక్ష కూడా మూడు రోజుల పరీక్షతో సమానం. మైక్రోబయాలజీ విద్యార్థులకు నాదొక విన్నపం. ఈ వేసవి సెలవుల్లో మీ ఊరి రేవు దగ్గర సీసాలు పట్టడం మొదలుపెట్టండి. ప్రతి రేవు దగ్గరా ఒక బోర్డు ఉండాలి. దాని మీద నీరు పట్టిన గంట, ఫలితం వచ్చిన గంట, దిగొచ్చా దిగకూడదా అన్న ఒక్క మాట తెలుగులో పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి. ఆ బోర్డు 2027 పుష్కరాలకు గోదావరి రేవుల్లో నిలబెట్టాలని మీ అందరినీ పేరుపేరునా కోరుతున్నాను.